గేటు మూసే మనిషి

లా రూవ్రే కోట,
1926 సెప్టెంబరు 12

పూజ్యులైన ఆన్సెల్మ్ చిన్నాన్నగారికి,

మీ అన్నగారి కూతురు ఎర్మీన్ వందనాలు. మీ కీళ్లనొప్పులు కాస్త నెమ్మదించాయని, బూర్జ్‌లోని ఆ వృద్ధ గురువుల ఆశ్రమంలో చారు ఇప్పటికైనా వేడిగా వడ్డిస్తున్నారని తలుస్తాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. భోజనాల సావడి నిండా గిన్నెలు పరిచి ఉంచాం. మన ముత్తవ్వ తైలచిత్రం అమ్మేసిన చోట గోడ మీద తెల్లని మచ్చ మిగిలింది కదా! అన్నయ్య అతిథులను దాని ముందుకు తీసుకువెళ్లి, ‘మా ముత్తవ్వగారు, రాణిగారి నెచ్చెలి’ అని పరిచయం చేస్తున్నాడు. వాళ్లూ ఆ మచ్చకు తల వంచి నమస్కరిస్తున్నారు.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం వానకు వేటకుక్కల శాల కప్పు కూలింది. ఒక్క కుక్కకూ దెబ్బ తగల్లేదు. తగిలివుంటే ఇంటిల్లిపాదీ నల్లబట్టలు కట్టేవాళ్లం. ఆ సాయంత్రమే అన్నయ్య నన్ను పిలిచాడు.

‘ఏమే ఎర్మీన్, గేటు ఇంట్లో పొయ్యి ఎంత పెద్దదో ఎప్పుడైనా చూశావా? కుక్కల గంజికి గుర్రం తలకాయ మొత్తం ఉడికే బాన పెట్టొచ్చు దాని మీద.’

‘ఆ ఇంట్లో పెరీన్ ఉంటోంది అన్నయ్యా.’

‘ఉంటే ఏం? దాన్ని రోడ్డు మీద పారేస్తున్నానా? ఎక్కడో ఓ మూల సర్దుదాం. బూర్దియ్యో వస్తున్నాడు వేటకి. గేటు దాటగానే మనిషికి కుక్కలు కనపడాలి గానీ, ముసలిదాని కాళ్ల పుళ్లు కాదు.’

మా ఇద్దరికీ తన పాలు పట్టి పెంచిన మనిషి గురించి, చిన్నాన్నగారూ, మోంతెర్వాల్ మార్కీస్ ప్రభువు, మా అన్నయ్య గోంత్రాన్ పలికిన మాట ఇది.

బూర్దియ్యో ఎవరని అడుగుతారేమో. శాతోరూలో పందిమాంసం డబ్బాల కార్ఖానాదారు. ఎంత అత్తరు పూసుకున్నా ఆ వేళ్లకు మసాలా వాసన పోదు. చేపలు కోసే కత్తితో జున్ను కోస్తాడు. మన వేటకు అతన్ని భాగస్వామిని చేసి, దుప్పి తల చెక్కిన మన వెండి బొత్తం అతని కోటుకు కుట్టించబోతున్నాడు అన్నయ్య. మింగ మెతుకు అతను పెట్టాలి, మన మీసాలకు సంపెంగనూనె మనం రాసుకోవాలి.

నాన్నగారు కన్నుమూసే ముందు, గేటు ఇల్లు పెరీన్ బతికున్నంత కాలం పెరీన్‌దేనని చెప్పారు. అప్పుడు మంచం పక్కన ఉన్నది మీరూ అన్నయ్యా. అన్నయ్యకు ఇప్పుడు జ్ఞాపకం లేదట. జ్ఞాపకం ఉన్నవారు లోకంలో మీరొక్కరే మిగిలారు. ఒక్క ముక్క రాయండి. చాలు.

మీ
ఎర్మీన్


బూర్జ్,
1926 సెప్టెంబరు 17

చిరంజీవి ఎర్మీన్‌కు ఆశీస్సులు.

నీ లేఖ చదివి రాత్రి కునుకు పట్టలేదు. పక్క గదిలోని గురువర్యులు నిద్రలో కూడా లాటిన్ భాషలోనే గురక పెడతారు గనుక, ఎలాగూ పట్టేది కాదనుకో.

మన బొత్తమా! పందికొవ్వు అంటిన వేళ్లకా! ధర్మయుద్ధాలలో వీరులు ధరించిన చిహ్నం అది. ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అంటూ ఊరూరా తిరగడమే నీచమనుకునేవాణ్ణి. ఆ మూతులను కూడా అమ్మకానికి పెట్టే రోజు వస్తుందని ఊహించలేదు. ఆ మనిషి పక్కన కూర్చుని నువ్వు అన్నం ఎలా తింటున్నావో నాకు తెలియదు. నీ జున్ను ముక్క నువ్వే ముందు కోసుకో.

పెరీన్ విషయమై గోంత్రాన్‌కు వెంటనే రాశాను. అయితే అమ్మాయీ, అతడు ఇంటి పెద్ద. వయసులో నేను పెద్దవాణ్ణయినా, ఇంటి పెద్దకు ‘ఇది చెయ్యి, అది మానుకో’ అని రాసే వాడుక మన వంశంలో లేదు. మా నాయనగారి గుర్రం నా కాలు తొక్కినప్పుడు కూడా, ముందు దాని జూలును మెచ్చుకుని ఆ తర్వాతే కాలు సంగతి విన్నవించుకున్నాను. కనుక మర్యాద తప్పకుండా ముందు అతని కుక్కలను, వాటి కంఠస్వరాన్ని, తెల్లని వాటి ఒంటి నిగారింపును కొనియాడాను. ఆ తర్వాత సువార్తలోని ఉపమానం ఎత్తుకున్నాను. ధనవంతుడి గుమ్మం ముందు పుండ్లతో పడివున్న ఆ పేదవాణ్ణి వర్ణించి, కుక్కలు వచ్చి అతని పుండ్లు నాకేవన్న చోట ఆపాను. బుద్ధిమంతుడికి అంతకంటే చెప్పడం అవమానం. ఏనుగుకు అంకుశం మొన తగిలితే చాలు, గునపం అక్కర్లేదు.

పెరీన్‌ను దిగులుపడవద్దని చెప్పు.

నీ చిన్నాన్న
ఆన్సెల్మ్


లా రూవ్రే,
1926 అక్టోబరు 2

చిన్నాన్నగారికి,

మీ లేఖ అందింది. అన్నయ్యకు మీరు రాసినదీ అందింది. బూర్దియ్యో వచ్చిన మొదటి రోజు, భోజనాల బల్ల దగ్గరే దాన్ని పైకి చదివాడు.

‘విన్నారా? మా చిన్నాన్న, బూర్జ్ కేథడ్రల్‌లో మహాపండితులు. మన కుక్కల గొంతు గురించి ఏం రాశారో చూడండి! ఇలాంటి వాక్యం రాజధానిలో కూడా రాయలేరు.’

ఉపమానం దాకా వచ్చి ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

‘అయిపోయిందాండీ?’ అని బూర్దియ్యో అడిగాడు.

‘తక్కినదంతా ప్రసంగం లెండి. ఉపవాసాల రోజుల్లో చదువుకుందాం. అందులోనూ కుక్కల ఊసే ఉంది.’

మరునాడు ఉదయమే పెరీన్ సామాను బయటికి వచ్చింది. ఒక మంచం, ఒక పెట్టె, గోడకు ఉన్న సిలువ. చెరువు గట్టున బట్టలుతికే కొట్టం ఉంది చూడండి, మూడు వైపుల గోడలు, నాలుగో వైపు నీళ్లు, అందులో పెట్టారు. నేను ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చింది.

‘ఊరుకోండి అమ్మాయిగారూ. చిన్నబాబుకి చిన్నప్పట్నించీ కుక్కలంటే పేణమే గదా. నా దగ్గర పాలు తాగేటప్పుడు కూడా ఓ చేత్తో కుక్కపిల్ల తోక పట్టుకునే ఉండేవోడు.’

కానీ గేటు పని ఆమెకు తప్పలేదు. ఏ బండి వచ్చినా అన్నయ్య మెట్ల మీద నుంచి, ఎప్పటిలాగే, ‘గేటు! పెరీన్, గేటు!’ అని కేక వేస్తాడు. ఇంతకుముందు రెండడుగులు వేస్తే అయ్యేది. ఇప్పుడు ఆ వాచిన కాళ్లతో చెరువు దగ్గర నుంచి ఈడ్చుకుంటూ రావాలి. తెరవాలి, మళ్లీ మూయాలి. మూయకపోతే కుక్కలు పోతాయి కదా!

ఆమె పొయ్యి మీద ఇప్పుడు గుర్రం ఎముకలు ఉడుకుతున్నాయి. ఆ వాసన పరదాలకు, పక్కబట్టలకు, నా జుట్టుకు కూడా పట్టింది. శనివారం వేటలో దుప్పిని చంపారు. ముందరి కుడికాలు కోసి, చర్మం జడలా అల్లి, వేటలో ముఖ్య అతిథికి ఇచ్చే గౌరవంగా, అన్నయ్య టోపీ తీసి బూర్దియ్యోకు సమర్పించాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘దీన్నేం చేసుకోవాలండీ? కోటు తగిలించుకోవచ్చా?’ అన్నాడు. అందరూ నవ్వును బిగబట్టారు. నేనూ బిగబట్టాను. తర్వాత కుక్కలకు పేగులు వేశారు. అప్పుడు బిగబట్టుకోవలసింది నవ్వు కాదు.

మీరు కుక్కల పక్షమని నాకు ముందే తెలిసివుంటే మిమ్మల్ని శ్రమ పెట్టేదాన్ని కాదు. ఇక పెట్టను.

ఎర్మీన్


బూర్జ్,
1926 అక్టోబరు 8

చిరంజీవి ఎర్మీన్‌కు,

కుక్కల పక్షమా! డెబ్బై దాటిన వయసులో నా సొంత అన్న కూతురి చేత ఈ మాట అనిపించుకోవలసి వచ్చింది. సరే. బాధపెట్టేదీ బంధువే, మందు వేసేదీ బంధువే.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. గోంత్రాన్ నాకు ఎంతో మర్యాదగా జవాబు రాశాడు. ‘చిన్నాన్నా, మీ సూచన శిరసావహించాను. పెరీన్‌ను కోటకు మరింత దగ్గరగా మార్చాను. చెరువు గాలి ఆరోగ్యానికి మంచిది’ అని. చెరువు వైపు అంటే తూర్పు గదులు. చిన్నప్పుడు మా అత్తయ్యలు ఉన్న గదులు. అక్కడ కప్పు కురుస్తుందేమో, గోడలు చెమ్మగిల్లాయేమో, నేను కాదనను. కానీ దాన్ని బట్టలుతికే కొట్టమనడం, మూడు గోడలనడం! అతిశయోక్తి అలంకారమే గాని అబద్ధం కాదని ఆలంకారికులు నాకు బోధించారు గనుక, నిన్ను తప్పుపట్టను. ఇంటి ఆడపిల్లల కోపానికి అది సహజభూషణం.

నవంబరు మూడున, వేటగాళ్లను కాచే పునీత ఉబేర్ పండుగకు, ఏటేటా వచ్చినట్టే, నేనే వచ్చి పూజ చేసి కుక్కలను ఆశీర్వదిస్తాను. అన్నీ నా కళ్లతో చూస్తాను. అంతవరకు శాంతించు. నా నడుముకు కట్టుకునే ఉన్ని పట్టీ ఒకటి నువ్వు అల్లుతానన్నావు. కోపంలో అది మానేశావేమో అనుకుంటున్నాను. ఇక్కడ చలి మొదలైంది.

ఆన్సెల్మ్


బూర్జ్,
1926 నవంబరు 4

చిరంజీవి ఎర్మీన్‌కు,

నిన్న రాత్రి క్షేమంగా చేరాను. రైలు వేళ తప్పకూడదని భోజనానికి ఆగలేదు, మన్నించు. కానీ ఎంతో కాలానికి మనసు నిండింది.

ఆ ఉదయం వర్ణనాతీతం! చినుకుల మధ్య కొమ్ముబూరల నాదం, గుడి గుమ్మం ముందు జంటజంటలుగా కట్టిన ఆ తెల్లని కుక్కలు, వేటగాళ్ల నీలికోట్లు. నేను బుట్టతో బయటికి వచ్చి ఆశీర్వాద రొట్టె పంచుతుంటే ఒక్కొక్కటీ ఎంత వినయంగా అందుకుంది! ఒక్క ముక్క మిగల్లేదు. శిథిలమైపోయిన ఈ కాలంలో, ఈ ఒక్క ఆచారంలోనైనా మన వంశం నిలబడి ఉందనిపించింది.

పెరీన్ ఏదని అడిగాను. ‘జలుబు చేసింది చిన్నాన్నా, వెచ్చగా పడుకుంది’ అన్నాడు గోంత్రాన్. లేపవద్దన్నాను. గేటు ఇంటి ముందు కుక్కపిల్లలు ఆడుకుంటున్నాయి; చక్కగా సున్నం వేయించాడు.

ఆ డబ్బాల మనిషి మాత్రం! పూజ సాగినంతసేపూ మోకాళ్ల మీద ఉండి కూడా, తెరిచిన తలుపులోంచి చెరువు వైపే చూస్తున్నాడు. సంస్కారం లేనివాడికి దేవుడి ఎదుట కూడా చూపు నిలవదు.

నీ కళ్లలో నీళ్లు చూశాను, తల్లీ. ఆ భక్తి చూసి, మన మధ్య మనస్పర్థ తీరిపోయిందని గ్రహించాను. అందుకే నీ తల మీద చెయ్యి ఉంచి దీవించాను.

ఆన్సెల్మ్


లా రూవ్రే,
1926 నవంబరు 4

చిన్నాన్నగారూ,

మీతో చెప్పాలని గుడి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మీరు వస్తుంటే నోరు తెరిచాను. మీరు నా తల మీద చెయ్యి పెట్టి, దీవించి, సాగిపోయారు. అన్నయ్య మీ మోచెయ్యి వదల్లేదు, బండి సిద్ధంగా ఉంది.

మీరు వెళ్లాక ఏం జరిగిందో వినండి.

భోజనాలకు కూర్చున్నాం. బూర్దియ్యో కుర్చీ ఖాళీగా ఉంది. చారు చల్లారుతుండగా వచ్చాడు, బూట్లు మోకాళ్ల దాకా బురద. కూర్చోలేదు.

‘మార్కీస్ గారూ, ఆ చెరువు పక్కన కొట్టంలో ఓ ముసలమ్మ ఉంది. ఎవరండీ ఆవిడ?’

‘పెరీనా? మా దాదిలెండి. కూర్చోండి, కోడిమాంసం వస్తోంది.’

‘దాదంటే, మీకు పాలిచ్చిన ఆవిడా?’

‘ఆ. బలే పాలు. అందుకే ఇంత పొడుగు పెరిగాను!’ అన్నయ్య నవ్వాడు. వేటగాళ్లంతా నవ్వారు.

‘ఆవిడ దుప్పటి తడిసి నీళ్లు కారుతోందండీ. కాలి మీద కట్టు విప్పి చూపించింది. నేను పదమూడో ఏట నుంచి కసాయి పనిలో ఉన్నానండీ, చూడలేనిది లేదనుకున్నాను. చూడలేకపోయాను. మా కార్ఖానాలో పందుల్ని ఇంతకంటే పొడిచోట పడుకోబెడతామండీ. చంపేముందు రోజు కూడా.’

కోటు బొత్తం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దారం తెగింది. దాన్ని తన పళ్లెంలో వేశాడు. టంగుమంది. అన్నయ్య చటుక్కున ముందుకు వంగాడు, మాట అనడానికి కాదు, పింగాణీ అంచు పగిలిందేమో చూడడానికి.

ఆ డబ్బాల మనిషి వేళ్ల వాసనకు ఇన్నాళ్లూ ముక్కు చిట్లించిన నేను ఆ క్షణాన నా చెయ్యి వాసన చూసుకున్నాను. గుర్రం ఎముకల వాసన. అది పోవడం లేదు చిన్నాన్నగారూ. సబ్బుతో కడిగినా పోవడం లేదు.

ఇంకొకటి. నిన్న పొద్దున పూజ గంట వినబడగానే పెరీన్ లేచి, తలకు తెల్లగుడ్డ కట్టుకుని కూర్చుందట. ‘పండితులబాబు వచ్చారు, రొట్టె తీసుకుని ఇటు వస్తారు’ అని. సాయంత్రం దాకా ఆ గుడ్డ విప్పలేదు.

ఎర్మీన్


బూర్జ్,
1926 నవంబరు 7

ఎర్మీన్,

నా లేఖ, నీ లేఖ దారిలో ఒకదానికొకటి ఎదురుపడి ఉంటాయి. నాది తగలబెట్టు.

మూడు గోడలన్నావు. మూడు గోడలే. అలంకారం నీది కాదు, నాది. జీవితమంతా అలంకారాలతోనే కప్పుకున్నాను, అవతల ఒక మనిషికి నాలుగో గోడ లేదు. ఆ బుట్టను, ఆ తెల్లని కుక్కల నోళ్లను తలుచుకుంటే రెండు రోజులుగా రొట్టె గొంతు దిగడం లేదు. అసహ్యమనే మాటను ఇన్నాళ్లూ ఎవరి మీదనో వాడుతూ వచ్చాను.

గోంత్రాన్‌కు ఈ రోజే రాశాను. మొత్తం ఇంతే: ‘గేటు ఇల్లు పెరీన్‌ది. మీ నాన్న ఇచ్చాడు. నేను విన్నాను, నువ్వూ విన్నావు. కుక్కలను ఖాళీ చేయించు. లేదా నేను న్యాయాధికారి ముందు ప్రమాణం చేసి ఈ మాట చెబుతాను.’

మా నాయనగారి కాలం నుంచి ఇంటి పెద్దకు ఇలా రాసినవాడు లేడు. రాశాక చూస్తే, కష్టమేమీ లేదు.

ఆన్సెల్మ్


శాతోరూ,
1926 నవంబరు 15

చిన్నాన్నగారికి,

ఊరి పేరు చూసి ఉలిక్కిపడకండి. వరుసగా చెబుతాను.

మీ లేఖ అన్నయ్య రెండుసార్లు చదివాడు. ‘చిన్నాన్నకి మతి పోయింది. కుక్కల ఊసే లేదు’ అన్నాడు. కానీ న్యాయాధికారి అన్న మాటకు మెత్తబడ్డాడు. బూర్దియ్యో వదిలేశాక వేటకు జీతగాళ్లు కూడా లేరు. కాసేపు ఆలోచించి, మొహం వెలిగించుకుని, ఇలా అన్నాడు:

‘సరే, గేటు ఇంట్లోకే రమ్మను దాన్ని. బాన అక్కడే ఉంటుంది. పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని కుక్కల గంజి కలుపుతూ ఉంటుంది. దానికి ఇల్లూ దక్కింది, మనకి మనిషీ దొరికింది. చూశావా, చిన్నాన్న మాట జవదాటానా?’

పెరీన్‌ను నడిపించుకుని తీసుకువెళ్లాను. గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె సిలువ తగిలించిన మేకుకు కుక్కల పట్టీలు వేలాడుతున్నాయి. మంచం ఉన్న చోట గుర్రం దవడ ఎముక ఉంది. చాలాసేపు చూసింది. అంతకుముందు బూర్దియ్యో తనతో రమ్మని అడిగితే, ‘చిన్నబాబు కేకేస్తే గేటెవరు తీస్తారు బాబూ’ అని తల అడ్డంగా ఊపిన మనిషి.

‘నేను పిల్లలకి గంజి కలిపాను అమ్మాయిగారూ. కుక్కలకి కలపను’ అంది. నా వైపు తిరిగి, ‘ఆ పందులబాబు బండి మళ్లీ వస్తదంటారా?’ అంది.

కబురు పెట్టాను. గురువారం కార్ఖానా లారీ వచ్చింది. తలుపుల మీద నవ్వుతున్న పంది బొమ్మ. అంతకుముందే ఎక్కడో పందిమాంసం దింపి వచ్చినట్టుంది, ఘుమఘుమ కోట మెట్ల దాకా కొట్టింది. నేను పెరీన్‌ను శాతోరూలో దించి మర్నాడు వస్తానని అన్నయ్యతో చెప్పాను. అతను దినపత్రిక దించలేదు.

మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని లారీ గేటు దగ్గరికి వచ్చి ఆగింది. గేటు మూసి ఉంది. నడిపేవాడు బూర మోగించాడు. మెట్ల మీద నుంచి, అలవాటు ప్రకారం, అన్నయ్య కేక వినిపించింది:

‘గేటు! పెరీన్, గేటు!’

నేను తలుపు తెరవబోతే పెరీన్ నా చెయ్యి ఆపింది. తనే దిగింది. ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి, ఆ వాచిన కాళ్లతో నడిచి, గడియ తీసి, రెండు రెక్కలూ గోడల దాకా నెట్టింది. లారీ బయటికి వచ్చింది. మూసి వస్తుందని వాడు ఆపాడు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. గేటును కాదు, గేటు ఇంటిని. తర్వాత వచ్చి నా పక్కన ఎక్కి కూర్చుంది.

‘పోనీ నాయనా’ అంది.

మొదటి మలుపు తిరగకముందే వెనక చప్పుడైంది. వేటకుక్కలు, చిన్నాన్నగారూ. మీరు ఆశీర్వదించిన కుక్కలు. ఆ పందిమాంసం వాసన పట్టుకుని, మందంతా గేటు దాటి, మీరు మెచ్చుకున్న ఆ కంఠస్వరంతో మొరుగుతూ లారీ వెంట పరుగెత్తాయి. వాటి వెనక నీలికోటు వేసుకుని, కొమ్ముబూర ఊదుతూ అన్నయ్య. బురదలో ఒక బూటు ఊడిపోయింది. పెరీన్ వెనక అద్దంలోంచి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

‘గంజిలో ఎముకలు తప్ప ఏమెయ్యడం లేదు వాటికి, పాపం’ అంది.

ఇక్కడ కార్ఖానా పక్కన ఒక గది. నాలుగు గోడలు, ఒక పొయ్యి. వైద్యుడు రోజూ వచ్చి కాళ్లు చూస్తున్నాడు. నేను మర్నాడే తిరిగి వెళతానన్నాను. ఇంకా వెళ్లలేదు.

మీ నడుముపట్టీ పూర్తయింది. వేరే కట్టలో పంపుతున్నాను. దానికి ఏ వాసనా ఉండదు, ఇక్కడే అల్లాను.

ఎర్మీన్


బూర్జ్,
1926 నవంబరు 24

చిరంజీవి ఎర్మీన్‌కు, పెరీన్‌కు,

పట్టీ సరిపోయింది. దీనితో పాటు ఒక రొట్టె పంపుతున్నాను. ఈ ఉదయం పూజలో ఆశీర్వదించాను. మొదటి ముక్క పెరీన్‌ది. పళ్లు లేవు కదా, పాలలో నానబెట్టి పెట్టు. ఆలస్యమైందని నా తరఫున చెప్పు.

ఆదివారం మా భోజనాల బల్ల మీద ఒక డబ్బా విప్పారు. మూత మీద బూర్దియ్యో పేరు. తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. మనిషిని కలిస్తే నా నమస్కారం చెప్పు. ముందు అతని పందులను మెచ్చుకోనక్కర్లేదు, నేరుగా చెప్పు.

నిన్న గోంత్రాన్ దగ్గర నుంచి లేఖ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను, ఒక్క అక్షరం అలంకరించలేదు:

‘చిన్నాన్నా, తమ ఆశీర్వాద బలం వల్ల కుక్కలన్నీ క్షేమంగా తిరిగివచ్చాయి. ఒక్క ముసలి ఆడకుక్క మాత్రం రాలేదు, నా మనసేమీ బాగా లేదు. పెరీన్ ఎప్పుడొస్తుందో ఎర్మీన్‌ని అడిగి తెలియజేయండి. ఆ రోజు నుంచి గేటు బార్లా తెరిచే ఉంది. మూయడానికి మనిషి లేదు.’

నేను జవాబు రాయలేదు. నువ్వూ రాయకు.

ఆన్సెల్మ్